నిద్రపోతున్న రాజును చంపిన పాలడిన్: డీఎంగా నేను చేసింది న్యాయమేనా?

కోటగోడ (విజయనగరం):

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా మనసును తొలుస్తున్న సంగతి ఒకటి మీ ముందు పెడుతున్నాను. కొంచెం పొడుగ్గానే రాస్తాను. జరిగింది జరిగినట్టు చెప్పకుండా మీ అభిప్రాయం అడగడం సబబు కాదు.

మా మేడమీది గదిలో ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఐదుగురం కూర్చుని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. తలా ఒక పాత్ర పుచ్చుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఇది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాలే పాటిస్తాం. డీఎంని, అంటే కథ నడిపి తీర్పులు చెప్పే డంజియన్ మాస్టర్ని, నేనే. కథ కూడా నేను అల్లుకున్నదే: పక్కపక్కనే రెండు సంస్థానాలు, వాటి మధ్య తరతరాల పగ, పెద్ద సంస్థానం రాజు సముద్రం అవతలి నుంచి వచ్చిన ఫిరంగుల సైన్యాన్ని వెంటబెట్టుకుని చిన్న సంస్థానం కోటను ముట్టడించడం. మా ఆటగాళ్లలో ఒకతని పాత్ర పాలడిన్, అంటే ప్రమాణం చేసి దైవశక్తులు పొందే యోధుడు. చిన్న సంస్థానం కొలువులో వీరుడు. కోట కూలిన రోజున అతను వేరే ఊళ్లో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి లోపల బతికినవాళ్లు లేరు. ఆ రాత్రే, తోటివాళ్లకు చెప్పకుండా, శత్రువుల శిబిరంలోకి దూరి, గుడారంలో నిద్రపోతున్న రాజును పొడిచి చంపాడు.

పాచికలు అతని పక్షానే పడ్డాయి. కావలివాళ్ల కళ్లు కప్పడానికి డీ20 (ఇరవై ముఖాల పాచిక) వేస్తే పద్దెనిమిది, గుడారం గుడ్డ చప్పుడు కాకుండా కోయడానికి వేస్తే పదిహేను. కత్తి దించానని అతను చెప్పినప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. అప్పుడు నేను అతని క్యారెక్టర్ షీటును నా వైపుకు లాక్కుని, స్పెల్స్ (మంత్రాలు) మీద, డివైన్ స్మైట్ (దైవబలంతో కొట్టే దెబ్బ) మీద, లే ఆన్ హ్యాండ్స్ (తాకి గాయాలు మాన్పే శక్తి) మీద పెన్సిల్‌తో అడ్డంగా గీతలు కొట్టి, నీ దేవత నిన్ను విడిచిపెట్టేసింది అన్నాను. అతను ఆ కాగితం వైపు కాసేపు చూసి, డైస్‌ను సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఫోను తీయడం లేదు.

అతను చేసిన ప్రమాణం డివోషన్ ప్రమాణం. అందులో సత్యం, ధైర్యం, కరుణ, గౌరవం, కర్తవ్యం అని ఐదు మాటలున్నాయి. నిద్రలో ఉన్న మనిషిని చంపడం ఆ ప్రమాణాన్ని తుంచేయడమేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా ఒక మంచి ఆటగాణ్ణి, అంతకంటే మంచి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాను. ఆటగాడి స్వేచ్ఛ ఎక్కడిదాకా ఉండాలి, డీఎం తీర్పు ఎక్కడ మొదలు కావాలి అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

నాగావళితీరం (శ్రీకాకుళం):

కోటగోడ గారూ, మీరు ఆడుతున్నది ఒక ఆట, తీర్పు చెప్పింది మరో ఆట నియమంతో. చిక్కంతా అక్కడే వచ్చిందని నా అభిప్రాయం.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను మొదట అచ్చు వేసినప్పుడు పాత్ర ధోరణిని చెప్పే అలైన్‌మెంట్లు మూడే: లా (క్రమం), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అరాచకం). అవి మంచితనాన్ని కొలిచే త్రాసు కావు, ఏ పక్షాన నిలబడ్డావో చెప్పే జెండాల్లాంటివి. 1978 నాటి అడ్వాన్స్‌డ్ నియమాల్లో గుడ్, ఈవిల్ అనే రెండో గీత కూడా చేరి తొమ్మిది గళ్లయ్యాయి. ఆ పుస్తకంలో పాలడిన్ క్రమాన్నీ మంచినీ పాటించే లాఫుల్ గుడ్‌గానే ఉండి తీరాలి. తెలిసి, ఇష్టపడి ఒక్క దుష్కార్యం చేసినా శక్తులన్నీ అప్పటికప్పుడు, మళ్లీ రాకుండా పోతాయి. ఆనాటినుంచి అతను మామూలు యోధుడు. మీ పెన్సిల్ గీతలు ఆ నియమం నుంచి వచ్చినవే. మీరు చదవకపోయినా, ఈ ఆట ఆడేవాళ్ల మాటల్లో అది ఇన్నేళ్లుగా తిరుగుతూనే ఉంది.

2014 పుస్తకంలో పాలడిన్‌కు ఫలానా అలైన్‌మెంట్ ఉండాలన్న షరతు లేదు. అతని బలం అతను చేసిన ప్రమాణం నుంచి వస్తుంది. ప్రమాణం తప్పినవాడు పశ్చాత్తాపపడి, తన మతానికి చెందిన క్లెరిక్ (పూజారి) దగ్గరో, తనలాంటి మరో పాలడిన్ దగ్గరో పాపవిముక్తి కోరతాడని, రాత్రంతా జాగరణ చేసి ప్రార్థించవచ్చని, ఉపవాసం ఉండవచ్చని అందులో ఉంది. బుద్ధిపూర్వకంగా తప్పి, పశ్చాత్తాపం జాడే చూపనివాడి విషయంలో మాత్రమే డీఎం గట్టి చర్య తీసుకోవచ్చు. అంటే తప్పుకూ శిక్షకూ మధ్య ఆటగాడు ఆడుకోవడానికి ఒక చోటు వదిలిపెట్టారు. మీరు ఆ చోటును ఒక్క నిమిషంలో మూసేశారు. ఆ మర్నాడు ఉదయం ఆ వీరుడు ఏం చేసి ఉండేవాడో మీకు తెలియదు, మాకూ తెలియదు.

ఇంకొక్క మాట. పాత ఆటల్లో దుష్టుణ్ణి కనిపెట్టే మంత్రం వేస్తే ఎదుటివాడి మనసు బయటపడేది. ఐదో ఎడిషన్‌లో అదే మంత్రం పిశాచాలు, దేవగణాలు, నడిచే శవాలు వంటి జాతులను పసిగడుతుందే తప్ప మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది చెప్పదు. ఆ పని నియమావళి చేతిలోంచి తీసి, ఆడేవాళ్ల చేతిలో పెట్టారు. 2023లో ఇలాంటిదే మరో ఆట అయిన పాత్‌ఫైండర్ వాళ్లయితే కొత్త పుస్తకాల్లో అలైన్‌మెంట్ అనే గడినే తీసేశారు. నాకు అది నచ్చింది.

చీపురుపల్లిజంక్షన్:

నాకు నచ్చలేదు. పాలడిన్ అనగానే మిగతా పాత్రలకు లేని బలం దొరుకుతుంది, దానికి బదులుగా ఒక కట్టుబాటు ఉంటుంది. కట్టుబాటును తెంచినా బలం నిలిచి ఉంటే ఆ ప్రమాణం షీటు మీద రాసుకున్న అలంకారమే అవుతుంది. డీఎం గారు ఏడాదిన్నరపాటు ఆ లోకాన్ని కట్టారు. ఆ లోకంలో దేవతకు ఒక స్వభావం ఇచ్చారు. దేవత పాత్రను ఆడేది డీఎమ్మే కాబట్టి ఆ దేవత విడిచిపెట్టానని చెప్పడం కూడా ఆయన స్వేచ్ఛే. ఆటగాళ్లకే స్వేచ్ఛ ఉండాలని, డీఎం మాత్రం అందరికీ వడ్డిస్తూ ఉండాలని అనుకోవడం న్యాయం కాదు.

తెలుగుమాస్టారు (శ్రీకాకుళం):

నేను ఈ ఆటకు కొత్తవాణ్ణి. నా మనవడు, వాడి స్నేహితులు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసి, తర్వాత నేనూ ఒక పాత్ర పుచ్చుకున్నాను. నలభై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన అలవాటు కొద్దీ ఈ ప్రశ్న నాకు ద్రోణపర్వంలోనూ, సౌప్తికపర్వంలోనూ కనపడుతోంది.

ధర్మరాజు రథం నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేదని చెబుతారు. అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా పలికి, ఏనుగు అన్న మాటను వినపడకుండా అన్న క్షణాన ఆ రథం నేలకు దిగింది. మీ ఆటలో పాలడిన్ పతనం అంటే ఇదే కదా! కానీ ఆ సన్నివేశాన్ని ఒకసారి నెమ్మదిగా చూడండి. ఆకాశవాణి పలకలేదు. అతని చేతిలో విల్లు జారిపోలేదు. యుద్ధం నడిచింది, గెలిచాడు, పట్టాభిషేకం జరిగింది. ఆ అబద్ధానికి లెక్క స్వర్గారోహణంలో తేలింది, కాసేపు నరకం చూడవలసి వచ్చింది. చక్రాలు నేలను తాకాయన్న చిన్న గుర్తును అక్కడ పెట్టి, అసలు ఫలితాన్ని అన్ని పర్వాల అవతలికి తీసుకెళ్లారు. ఈ మధ్యకాలమంతా ధర్మరాజు తన మాటను మోస్తూ బతికాడు. వినేవాళ్లకు అతని మీద గౌరవం, జాలి పుట్టేది ఆ మోయడంలోనే.

ఇక నిద్రలో చంపడం గురించి. సౌప్తికంలో అశ్వత్థామ చేసింది అచ్చంగా అదే. శిబిరం వాకిట్లో అతనికి అడ్డు వచ్చిందీ, చివరికి ఖడ్గం ఇచ్చి అతనిలో ప్రవేశించిందీ పరమశివుడే. దేవుడు చేయి విడిచిపెట్టడం మాట అటుంచి, చేతిలో కత్తి పెట్టాడు. అంతమాత్రాన ఆ పని ధర్మం కాలేదు. తెల్లారాక వెంటాడారు, శిరోమణిని తీసుకున్నారు, మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగమని కృష్ణుడు శపించాడు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది మధ్యలోని ఘట్టం. అర్జునుడూ అశ్వత్థామా ఇద్దరూ అస్త్రాలు వేశారు. మునులు వెనక్కి తీసుకోమన్నారు. నియమం తప్పనివాడు కాబట్టి అర్జునుడు తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. అతని శక్తిని ఎవరూ లాక్కోలేదు. వేయడం చేతనవుతూనే ఉంది, మరలించడమే చేతకాలేదు.

కోటగోడ గారూ, మీ వీరుడి విషయంలో ఇలాంటిదేదైనా ఆలోచించి ఉంటే బాగుండేది. శక్తులన్నీ ఒక్క గీతతో కొట్టేస్తే ఆ పాత్రకు ఇక చెప్పుకోవలసిన కథ ఏముంటుంది?

వంశధార (టెక్కలి దగ్గర):

మాస్టారూ, మీరు చెప్పింది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

నేను పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకు సెలవుల్లో ఈ ఆట ఆడిస్తాను. నా అనుభవంలో స్వేచ్ఛ అనే మాట కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. కథలోని మనుషుల పట్ల పాత్ర ఏం చేయవచ్చు అన్నది ఒకటి. బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల పట్ల ఆటగాడు ఏం చేయవచ్చు అన్నది మరొకటి. మొదటిదాన్ని నేను వీలైనంత విశాలంగా వదిలేస్తాను. రెండోదాని దగ్గర గట్టిగా ఉంటాను.

ఒకసారి ఒక అబ్బాయి పట్టుబడ్డ గాబ్లిన్ (కథల్లోని మరుగుజ్జు రాక్షసి) చేత రహస్యం చెప్పించడానికి దాని వేళ్లు ఒక్కొక్కటీ విరుస్తానన్నాడు. నా పాత్ర అంతే టీచర్, దానికి జాలి లేదు అన్నాడు. మిగతావాళ్లలో ఇద్దరు నవ్వుతున్నారు. ఒక పాప మాత్రం తన డైస్‌ను గుప్పిట్లో బిగించి పట్టుకుని, కళ్లు బల్ల మీదనుంచి ఎత్తలేదు. వాడి పాత్రకు శిక్ష వేయడం నాకు తేలిక. గాబ్లిన్ల దండు వచ్చి మీద పడిందంటే సరిపోయేది. అలా చేస్తే వాడికి నేను నేర్పేది ఇకమీదట నాకు దొరకకుండా చేయమని మాత్రమే. అందుకే ఆట ఆపేశాను. ఇది మనలో ఎవరికైనా వినడానికి కష్టంగా ఉందా అని అందరినీ అడిగాను. ఆ పాప తల ఊపింది. వాడి మొహం వాడిపోయింది. వేళ్ల మాట వాడే వెనక్కి తీసుకుని, గాబ్లిన్‌కు రొట్టె పెట్టి మాట్లాడిస్తానన్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు.

పెద్దవాళ్ల ఆటల్లో దీనికి పద్ధతులున్నాయి. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత గీతలు, తెరలు అనే భావనను తెచ్చారు: మా ఆటలోకి అసలు రానివ్వనివి గీత అవతల ఉంటాయి, రావచ్చు కానీ వర్ణించకుండా దాటేసేవి తెర వెనక ఉంటాయి. జాన్ స్టావ్రోపోలోస్ అనే ఆయన మరింత తేలిక చేశారు: ఇంటూ గుర్తు వేసిన కార్డు ఒకటి బల్ల మధ్యలో పెడతారు, దాన్ని ఎవరు తాకినా, కారణం అడగకుండా ఆ సంగతిని వదిలేస్తారు. మా దగ్గర అది పెళ్లి శుభలేఖ వెనక స్కెచ్ పెన్నుతో గీసిన కార్డు.

కోటగోడ గారి బల్ల దగ్గర ఆ రోజు ఎవరికీ అలాంటి బాధ కలగలేదని అర్థమవుతోంది. పాలడిన్ ఎవరినీ మోసం చేయలేదు, తోటి ఆటగాడి పాత్రను దెబ్బతీయలేదు. కథలో ఒక ఘోరమైన పని చేశాడు, అంతే. అలాంటప్పుడు కథలోనే జవాబు రావాలి. చీపురుపల్లి వారు దేవతను ఆడేది డీఎమ్మే అన్నారు, ఒప్పుకుంటాను. దేవత కలలో కనపడి మాట్లాడకపోవచ్చు, గుడి తలుపులు తెరుచుకోకపోవచ్చు, చచ్చిపోయిన రాజు కొడుకు తండ్రి శవం పక్కన కూర్చుని ఉండవచ్చు. పెన్సిల్ పట్టుకున్నది మాత్రం దేవత కాదు, మీరు.

కోటగోడ (విజయనగరం):

మీ అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. నాగావళితీరం గారు అన్నది నిజం. ఆ పాత నియమం నేను ఎక్కడా చదవలేదు, ఎవరో చెప్పగా విన్నదే నాలో ఉండిపోయింది. వంశధార గారి చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. అయితే ఒక సందేహం తీరలేదు. ముందే చెప్పి ఉంటే, అంటే కత్తి దించకముందే, ఇది నీ ప్రమాణానికి విరుద్ధం సుమా అని హెచ్చరించి ఉంటే, అది అతని స్వేచ్ఛను తగ్గించడం అయ్యేదా? అతని మొహంలో ఆ పట్టుదల చూసి, చెబితే ఆ క్షణం పాడైపోతుందేమోనని ఆగాను.

నాగావళితీరం (శ్రీకాకుళం):

హెచ్చరించడం వల్ల స్వేచ్ఛ పెరుగుతుంది. పాలడిన్‌గా ఏడేళ్లు గుడిలో శిక్షణ పొందిన మనిషికి తెలిసి ఉండే సంగతి, ఆదివారం రైలు దిగి వచ్చిన ఆటగాడికి తెలియకపోవచ్చు. ఆ తేడాను పూడ్చడం డీఎం పని. తెలిసీ చేశాడంటే అప్పుడు ఆ పని పూర్తిగా అతనిదే అవుతుంది.

నియమమే ఆటగాడి చేయి పట్టుకునే ఆటలూ లేకపోలేదు. 1985లో గ్రెగ్ స్టాఫోర్డ్ తయారుచేసిన పెండ్రాగన్‌లో కరుణకు ఎదురుగా క్రూరత్వం, సత్యానికి ఎదురుగా వంచన, ఇలా పదమూడు జంటలుంటాయి. ఒక్కో జంట మొత్తం ఇరవై. కరుణ పదహారైతే క్రూరత్వం నాలుగే. ఏ గుణమైనా పదహారుకు చేరిందంటే లోకంలో ఆ పేరు పడిపోతుంది, అటువంటి సందర్భం వచ్చినప్పుడు పాచిక వేసి తీరాలి, పాచిక ఎటు చెబితే అటు నడవాలి. మొదటిసారి ఆడినప్పుడు నా పాత్రను నా చేతిలోంచి తీసుకున్నట్టు అనిపించి కోపం వచ్చింది. పది పన్నెండు సెషన్ల తర్వాత తెలిసింది, ఆ పదహారును కట్టింది నేనే. నేను వదిలిపెట్టిన ఒక్కో శత్రువు, పంచుకున్న ఒక్కో రొట్టె ఆ అంకెలోకి వెళ్లాయి. బయటినుంచి వచ్చి ఎవరూ రాయలేదు.

బొబ్బిలివీణ (బొబ్బిలి):

ఆ పాలడిన్‌ను ఆడింది నేనే. ఈ చర్చ లింకును మా బృందంలోని ఒకరు పంపారు. రాయకూడదనుకున్నాను, కానీ మాస్టారు రాసింది చదివాక ఉండలేకపోయాను.

శక్తులు పోయినందుకు నేను లేచి రాలేదు. అన్నా, మీరు అది అర్థం చేసుకోవాలి. శిబిరంలోకి అడుగుపెట్టేటప్పుడే నా వీరుడు అన్నీ పోగొట్టుకుంటాడని నాకు తెలుసు. నేను దానికి సిద్ధపడే వెళ్లాను. పని అయ్యాక కత్తిని దేవత పాదాల దగ్గర పెట్టి, నీ పేరు మీద చేయలేదు, నా వాళ్ల పేరు మీద చేశాను, నీవిచ్చింది నీవే తీసుకో అని చెప్పాలనుకున్నాను. ఆ మాట అంతకు రెండు వారాల ముందే నోట్‌బుక్‌లో రాసుకుని ఉంచాను. నేను నోరు తెరిచేలోపే నా షీటు మీ చేతుల్లోకి వెళ్లిపోయింది. నేను ఇవ్వబోయినదాన్ని మీరు లాక్కున్నారు.

రెండో సంగతి చెప్పడం నాకు కష్టమే. మీరు అల్లిన కథ వింటూనే నాకు అది మా ఊరి కథ అయిపోయింది. 1757 జనవరి 24న మా కోట కూలింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకుని వచ్చినవారు మీ విజయరామరాజు. లోపల ఆడవాళ్లూ పిల్లలూ శత్రువుల చేతికి చిక్కకూడదని వాళ్ల వాళ్ల చేతుల మీదే ప్రాణాలు విడిచారు. కబురు అందుకుని రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు కొద్ది రోజులకే రాత్రివేళ గుడారంలోకి వెళ్లి రాజును చంపాడు. మా తాతయ్య నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని వినిపించిన బుర్రకథలో గుమ్మెట మోత పెరిగేది ఆ చోటే. ఆ చోటుకు రాగానే నా చేయి గట్టిగా పట్టుకునేవాడు. విజయనగరంలో ఒక మేడమీది గదిలో కూర్చుని, ఆ పని చేసిన నా వీరుణ్ణి దేవత విడిచిపెట్టేసిందని మీరు అన్నప్పుడు నాకు ఆట వినపడలేదు.

ఆ పని ధర్మమేనని నేను అనడం లేదు. పాపారాయుడికి ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో తెలుసుకోవాలని ఆ పాత్రను తీసుకున్నాను. నిద్రపోతున్న మనిషి మెడ దగ్గర చేయి పెట్టినప్పుడు నాకు నిజంగానే చెమట పట్టింది. మరో నిమిషం దొరికి ఉంటే ఏమైనా తెలిసి ఉండేదేమో.

తెలుగుమాస్టారు (శ్రీకాకుళం):

నాయనా, రెండు ఊళ్లలోనూ నాకు శిష్యులున్నారు. ఒకే రాత్రిని రెండు ఊళ్లూ రెండు రకాలుగా చెప్పుకోవడం చిన్నప్పటినుంచీ వింటున్నాను. బుర్రకథ వీరుడి పక్షాన పాడుతుంది, పాడాలి కూడా, ఎందుకంటే కూలిన కోటలో మాట్లాడటానికి ఎవరూ మిగలలేదు. గుడారంలో చనిపోయిన మనిషి ఇంట్లో ఏడ్చినవాళ్లను గురించి ఆ కథ ఆగి చూడదు. మీ ఆటకు ఆ వీలుంది. ఐదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు, ఒక్కొక్కరూ ఒక్కో ఇంటినుంచి మాట్లాడవచ్చు.

చీపురుపల్లిజంక్షన్:

బొబ్బిలివీణ గారూ, నేను ముందు రాసినదాంట్లో ప్రమాణం తెగితే బలం పోవాలన్నమాట మీదే ఇప్పటికీ ఉన్నాను. మీరే దాన్ని అప్పగించడానికి సిద్ధపడ్డారని తెలియక డీఎం గారి పక్షాన మాట్లాడాను. అది తెలిసి ఉంటే అలా రాసేవాణ్ణి కాదు.

కోటగోడ (విజయనగరం):

తమ్ముడూ, క్షమించు. ఆ కథ అల్లేటప్పుడు బొబ్బిలి యుద్ధం నా మనసులో లేదని చెబితే అబద్ధమవుతుంది. ఉంది. మన నేల మీద జరిగినదాన్ని పేర్లు మార్చి పెట్టుకున్నాను. అది నీకు ఎలా వినపడుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి, ఈ కథలో ఇవి వస్తాయి, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగి ఉండవలసింది. మా రాజును నిద్రలో చంపారన్న ఉక్రోషం ఆ పెన్సిల్‌లో ఎంత ఉందో, నీ ప్రమాణం మీద గౌరవం ఎంత ఉందో నాకే తెలియదు.

నీ షీటు నా దగ్గరే ఉంది. గీతలు రబ్బరుతో తుడిచాను, అచ్చు మాత్రం పోలేదు. కొత్త షీటు మీద నీ చేత్తోనే రాసుకో. కత్తి దించిన క్షణం నుంచి మళ్లీ మొదలుపెడదాం. నువ్వు నోట్‌బుక్‌లో రాసుకున్న మాట చెప్పు. దేవత ఏమంటుందో అది విన్న తర్వాతే ఆలోచిస్తాను. ఇప్పుడు నాకూ తెలియదు.

బొబ్బిలివీణ (బొబ్బిలి):

ఆదివారం వస్తానన్నా. పాత షీటే ఉంచండి, కొత్తది వద్దు. అచ్చు కనపడనివ్వండి.

మాస్టారు చెప్పిన అస్త్రం మాట మీద మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. స్మైట్ ఉండనివ్వండి, నా వీరుడికి కొట్టడం చేతనవుతుంది. లే ఆన్ హ్యాండ్స్ మాత్రం నేనే వదిలేస్తున్నాను. ఆ చేత్తో ఎవరి గాయాన్ని తాకినా మానదు. ఎప్పుడు తిరిగి వస్తుందో నన్ను అడగవద్దు, మీరూ నిర్ణయించవద్దు. ఒకటే కోరిక. చనిపోయిన రాజుకు కొడుకు ఉన్నాడని వంశధార గారు రాశారు. ఆ అబ్బాయి పాత్రను మీరు ఆడండన్నా. నా వీరుడు ముందుగా అతని దగ్గరికి వెళతాడు.